కస్‌కస్ పైన ముద్దగా, లోపల పచ్చిగా వస్తోంది: ఎండు పండ్లతో చేసే తీపి-ఉప్పు వంటకానికి సాయం కావాలి

లియోన్_వంటగది:

ఫ్రాన్స్‌లోని లియోన్ నుంచి అందరికీ నమస్కారం. మధ్యాహ్నం నుంచి పొయ్యి దగ్గరే నిలబడి, ఇక ఓపిక లేక ఈ ప్రశ్న రాస్తున్నాను. ఓవెన్‌లో కాల్చిన కోడి పక్కన వడ్డించడానికి ఉల్లిపాయలు, కిస్‌మిస్, ఆప్రికాట్లు, దాల్చినచెక్క, తేనె వేసిన కస్‌కస్ (గోధుమతో చేసే, సన్నని గుళికల్లాంటి ఉత్తర ఆఫ్రికా వంటకం) చేయాలనుకున్నాను. మొరాకోకు చెందిన ఒక స్నేహితురాలి ఇంట్లో దీన్ని తిన్నాను. నోట్లో పెట్టుకోగానే తీపి తగిలి, ఆ వెంటనే ఉప్పూ మిరియాల ఘాటూ వచ్చాయి. గింజలు దేనికది విడివిడిగా, పొడిపొడిగా ఉన్నాయి. నాకు వచ్చినది అందుకు పూర్తిగా వ్యతిరేకం.

వంటల పుస్తకంలో ఉన్నట్లే మరిగే నీళ్లు పోసి, మూత పెట్టి, ఐదు నిమిషాలు ఆగి, ఫోర్కుతో కదిపాను. పైపైన జిగురుగా అంటుకుపోయింది కానీ కొరికితే లోపల ఇసుకలా కరకరమంటోంది. మరికొన్ని నీళ్లు పోస్తే ముద్ద పెరిగిందే తప్ప కరకర తగ్గలేదు. మైక్రోవేవ్‌లో పెట్టి చూశాను. చివరికి ఉప్మాలాగా పొయ్యి మీద కలియబెడితే అడుగంటింది. ఇది చాలదన్నట్లు కిస్‌మిస్ గట్టిగానే ఉండిపోయింది, ఆప్రికాట్ ముక్కలు నమలడానికి దవడలు నొప్పి పుడుతున్నాయి, తేనె రుచి తేనెదిగా, ఉప్పు రుచి ఉప్పుదిగా తెలుస్తోంది కానీ రెండూ కలవలేదు. కస్‌కస్ కంటే సులభమైన వంట లేదని అందరూ చెబుతారు. అంత సులభమైనది నాకెందుకు కుదరడం లేదు? రాత్రి ఎనిమిదికి అతిథులు వస్తున్నారు.

సూటిమాట:

ఏ రకం కస్‌కస్? నీళ్లెన్ని పోశారు? ప్యాకెట్ మీద ఏమని ఉంది? ఈ మూడూ చెప్పకుండా ఎవరూ ఏమీ చెప్పలేరు.

కొలతగ్లాసు:

లియోన్ గారూ, మీరు చెప్పినవన్నీ నీళ్ల కొలత తప్పినప్పుడు కనిపించే లక్షణాలే. మనవాళ్లలో చాలామంది కస్‌కస్‌ను బొంబాయి రవ్వగా భావించి, అలవాటు కొద్దీ ఒకటికి రెండున్నర వంతులో మూడు వంతులో నీళ్లు పోసేస్తారు. దుకాణాల్లో అమ్మే కస్‌కస్‌ను కర్మాగారంలోనే ఆవిరి మీద ఉడికించి ఆరబెట్టి ఉంచుతారు కాబట్టి మనం ఇంట్లో వండవలసినది ఏమీ ఉండదు, నానబెడితే చాలు. ఒక కప్పు గింజకు ఒక కప్పు నీళ్లు, మహా అయితే ఒకటింపావు కప్పు. నీళ్లలోనే ఉప్పూ, ఒక చెంచాడు వెన్నా వేసి మరిగించి, పొయ్యి ఆపి, కస్‌కస్ పోసి, ఆవిరి బయటికి పోకుండా మూత పెట్టి ఐదు నుంచి ఏడు నిమిషాలు వదిలేయాలి. మధ్యలో మూత తీసి చూడకూడదు, గరిటెతో నొక్కకూడదు.

మీరున్న ఫ్రాన్స్‌లో సన్నం, మధ్యరకం, ముతక అని మూడు రకాలుగా అమ్ముతారు. సన్నరకానికి నీళ్లు కాస్త తగ్గించాలి, ముతక రకానికి సమయం కాస్త పెంచాలి. ఇవి కాక ముత్యాల కస్‌కస్ అని, సగ్గుబియ్యమంత గింజలుండే సరుకు ఒకటి వస్తుంది. అది 1950ల్లో ఇజ్రాయెల్‌లో బియ్యానికి కొరత వచ్చినప్పుడు బియ్యం బదులుగా తయారుచేసినది. దానికి నానబెట్టడం చాలదు, నీళ్లలో ఎనిమిది పది నిమిషాలు ఉడికించాలి. మీ గింజ పెద్దదైతే మీ ఇబ్బందికి కారణం అదే.

సిరిధాన్యం:

అడిగిన ప్రశ్నకు పక్కగా మాట్లాడుతున్నానని అనుకోవద్దు కానీ, రాత్రిపూట గోధుమ రవ్వ మీద తేనె, దాని మీద ఎండుద్రాక్ష, దాని మీద ఆప్రికాట్ వేసుకుని తినవలసిన అవసరం ఏమిటో ఒకసారి ఆలోచించండి. తీపి మీద తీపి, అడుగున మైదాకు అన్నదమ్ముల వరసైన పిండి పదార్థం. ఇదే వంటకాన్ని కొర్రలతో చేయవచ్చు. ఒక కప్పు కొర్రలను రెండు మూడు గంటలు నానబెట్టి, రెండు కప్పుల నీళ్లతో వండి, పళ్లెంలో పరిచి ఆరనిస్తే కస్‌కస్‌కు ఏమాత్రం తీసిపోని విధంగా పొడిపొడిగా వస్తాయి. కస్‌కస్ అంటే గోధుమే అయి ఉండాలన్న నియమం కూడా ఏమీ లేదు. పశ్చిమ ఆఫ్రికాలోని సెనెగల్‌లోనూ ఆ చుట్టుపక్కల దేశాల్లోనూ సజ్జ పిండితో కస్‌కస్ చేస్తారు, గింజలు విడిపోకుండా ఉండడానికి బావోబాబ్ అనే చెట్టు ఆకుల పొడి కలుపుతారు, ఆవిరి మీదే ఉడికిస్తారు. మన రాయలసీమలోనూ తెలంగాణలోనూ తరతరాలుగా పండిన సజ్జలను పక్కన పెట్టి, పరదేశపు గోధుమ కోసం ఇంత అవస్థ పడటం నాకు బాధ కలిగిస్తుంది.

ఆవిరికుడుము:

ఎరువుల వ్యాపారంలో భాగంగా, మన దేశానికి వచ్చే ఫాస్ఫారిక్ ఆమ్లం పని మీద మొరాకోలోని కాసాబ్లాంకాలో కొన్నేళ్లున్నవాణ్ణి కాబట్టి ఒక మాట చెప్పక తప్పదు. కస్‌కస్ మీద మరిగే నీళ్లు పోసి మూత పెట్టడాన్ని వంట అనరు. మొరాకోలో ఏ ఇంట్లోనైనా మీరు ఆ పని చేస్తే ఇల్లాలు మర్యాద కొద్దీ ఏమీ అనదు, అంతే.

కస్‌కస్ తయారీ ఇలా ఉంటుంది. వెడల్పాటి పళ్లెంలో డ్యూరం అనే గట్టి రకం గోధుమ రవ్వ పోసి, ఉప్పు నీళ్లు చిలకరిస్తూ, మెత్తటి పిండి చల్లుతూ, అరచేతులతో గుండ్రంగా తిప్పుతూ ఉంటే రవ్వ రేణువుల చుట్టూ పిండి పట్టి చిన్న చిన్న గుళికలవుతాయి. వాటిని వేర్వేరు జల్లెళ్లలో జల్లించి సైజులు వేరు చేస్తారు. తరువాత రెండంతస్తుల పాత్రలో, కింద మాంసమూ కూరగాయలూ ఉడుకుతుండగా, పైన చిల్లుల గిన్నెలో ఈ గింజను పోసి ఆ ఆవిరి మీద ఉడికిస్తారు. ఒకసారి కాదు, మూడుసార్లు. ప్రతిసారీ పళ్లెంలో బోర్లించి, నీళ్లు చల్లి, ఉండలు చిదిపి మళ్లీ ఎక్కిస్తారు. గింజ దాదాపు మూడింతలు పొంగుతుంది, అయినా ఒకదానికొకటి అంటుకోదు. శుక్రవారం నమాజు అయ్యాక కుటుంబమంతా ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని దీన్ని తినడం అక్కడి ఆచారం. 2020లో అల్జీరియా, మారిటానియా, మొరాకో, ట్యునీసియా దేశాలు ఉమ్మడిగా దరఖాస్తు చేస్తే యునెస్కో ఈ విద్యను మానవాళి అభౌతిక సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. రాజకీయంగా ఒకరితో ఒకరికి పడని దేశాలు కూడా కస్‌కస్ దగ్గర కలిసి సంతకం పెట్టాయంటే దాని విలువ ఏమిటో గ్రహించండి. అటువంటి దాన్ని కెటిల్ నీళ్లతో నానబెట్టి, పైగా ఇక్కడిలా రవ్వ అనీ, బయట కొందరిలా పాస్తాకు దగ్గరి చుట్టమనీ చెప్పడం సబబు కాదు.

కొలతగ్లాసు:

ఆవిరికుడుము గారూ, మీ అనుభవం మీద నాకు గౌరవం ఉంది. అయితే రాత్రి ఎనిమిదికి అతిథులున్న మనిషికి యునెస్కో జాబితా వల్ల ఉపయోగం లేదు. దుకాణపు సరుకును ఒకసారి ఆవిరి పట్టే అమ్ముతున్నప్పుడు మళ్లీ మూడుసార్లు ఎందుకు పట్టాలి? ఇక చుట్టరికం సంగతికి వస్తే, ముత్యాల కస్‌కస్ పాస్తాయే, అందులో వివాదం లేదు. మామూలు కస్‌కస్ కూడా డ్యూరం రవ్వా నీళ్లూ కలిపి చేసినదే కదా, పాస్తా అంటే తప్పేమిటి?

ఆవిరికుడుము:

తప్పే. పాస్తాకు పిండిని ముద్దగా కలిపి, పిసికి, ఒత్తి, ఆకారం తీస్తారు, తరువాత నీళ్లలో ముంచి ఉడికిస్తారు. కస్‌కస్‌లో పిసకడం అనేదే లేదు, నీళ్లలో ముంచడమూ లేదు. అలాగని అది రవ్వా కాదు. రవ్వను నేతిలో వేయించి మరిగే నీళ్లలో పోస్తే ఉడుకుతుంది. చుట్టిన గుళికను అలా పోస్తే పైనున్న పిండి పొర ముందుగా ఉడికి జిగురుగా మారి, లోపలి రేణువుకు నీళ్లు అందకుండా అడ్డుపడుతుంది. ఈ తేడా తెలియకపోవడం వల్లే ఇన్ని ముద్దలు తయారవుతున్నాయి.

సిరిధాన్యం:

అలాగైతే మనం సజ్జ పిండిని చుట్టి ఆవిరి పట్టినా కస్‌కస్ అనే అనాలి కదా. లేక ఆ పేరు గోధుమకే చెందుతుందా?

ఆవిరికుడుము:

పద్ధతి అదే అయితే ఆ పేరు పెట్టడానికి నాకు అభ్యంతరం లేదు. మీరు చెప్పిన కొర్రన్నాన్ని మాత్రం కొర్రన్నం అనే అనండి.

బేగంబజార్:

గింజ సంగతి పెద్దలు చూసుకుంటున్నారు కనుక నేను ఆప్రికాట్ సంగతి చెబుతాను. అక్కడ సూపర్‌మార్కెట్లలో దొరికే మెరిసే నారింజరంగు ఆప్రికాట్లు సాధారణంగా టర్కీవి, ముఖ్యంగా మలత్యా ప్రాంతానివి. ఆ రంగు చెడకుండా ఉండడానికి వాటికి గంధకపు పొగ పట్టిస్తారు. ప్యాకెట్ మీద సల్ఫర్ డయాక్సైడ్ అనో ఈ-220 అనో ఉంటుంది. ఉబ్బసం ఉన్నవారిలో కొందరికి అది పడదు కాబట్టి అతిథుల్లో అటువంటివారు ఉన్నారేమో ముందే అడగడం మంచిది. పొగ పట్టించనివి గోధుమరంగులో, చూడటానికి అంత అందంగా లేకపోయినా, రుచిలో పాకం పట్టిన బెల్లానికి దగ్గరగా ఉంటాయి.

మన హైదరాబాదు ఖుబానీ వేరు. గింజతో సహా ఎండబెట్టినది, ముదురు రంగుది, కొంచెం పులుపుతో కూడిన తీపి కలది. ఖుబానీ కా మీఠా చేసేవారు ఎవరూ దాన్ని నేరుగా పాకంలో వేయరు. రాత్రంతా నీళ్లలో నానబెట్టి, గింజ తీసి, ఆ నానిన నీళ్లలోనే ఉడికించి, మెత్తబడ్డాకే చక్కెర వేస్తారు. తీపి ముందే వేస్తే పండు మెత్తబడదు. బయటి పాకం చిక్కగా ఉన్నప్పుడు నీళ్లు పండులోకి పోవు, పైగా పండులో ఉన్నవి కూడా బయటికి వస్తాయి. మీరు తేనెలో కిస్‌మిస్ వేశారా, లేక కిస్‌మిస్ నానాక తేనె వేశారా? నా అనుమానం మొదటిదే.

లియోన్_వంటగది:

ఇంతమంది స్పందించినందుకు సంతోషమే కానీ, సెనెగల్, టర్కీ, యునెస్కో అన్నీ తిరిగి వచ్చినా నా గిన్నెలో ముద్ద అలాగే ఉంది. తేనె ముందే వేశాను, ఉల్లిపాయలు వేగుతుండగా పండ్లతో పాటే వేశాను. నీళ్లు ఒకటికి ఒకటే పోశాను. ఉప్మా కొలత కాదు. గింజ చిన్నదే, సగ్గుబియ్యమంత కాదు. ప్యాకెట్ మీద ఏముందని అడిగారు. దీనికి ప్యాకెట్ లేదు. నా స్నేహితురాలి అత్తగారు ఊళ్లో చేతితో చేసి ఎండబెట్టి గుడ్డసంచిలో పంపినది, నాకు అర కిలో ఇచ్చింది. సగమే వాడాను, సగం ఉంది. కస్‌కస్ కస్‌కస్సే కదా, అందులో తేడా ఏముంటుంది?

సూటిమాట:

అదే తేడా. మొదటి వాక్యంలో రావలసిన మాట అది. మీ దగ్గరున్నది ఉడికించని కస్‌కస్. నానబెడితే ఉడకదు, ఆవిరి పట్టండి. గిన్నెలో ఉన్న ముద్దను కూడా నూనె చేత్తో చిదిపి, మాడిన అడుగు వదిలేసి, మిగిలినది అదే ఆవిరి మీద పెట్టండి. చాలావరకు దారికొస్తుంది.

ఇంకొకటి. ఇచ్చినవారినే అడగవచ్చు కదా?

లియోన్_వంటగది:

రాత్రి వస్తున్న అతిథుల్లో ఆమె ఒకరు.

ఆవిరికుడుము:

ఇందాక నేను చెప్పినదంతా పనికిరాని పురాణమని తేల్చినవారు ఇప్పుడైనా శ్రద్ధగా వినాలి. చేతితో చేసిన కస్‌కస్‌ను కొందరు ఒకసారి ఆవిరి పట్టి ఎండబెడతారు, కొందరు పచ్చిగానే ఎండబెడతారు. రెంటికీ ఆవిరి తప్పదు.

రెండంతస్తుల పాత్ర మీ దగ్గర ఉండదని తెలుసు. లోతైన గిన్నె మీద సరిగ్గా కూర్చునే చిల్లుల గిన్నె ఉంటే చాలు. అదీ లేకపోతే మన ఇళ్లలో వాసెన కుడుములకు కట్టినట్లు గిన్నె మూతికి తడిపిన పలుచని నూలుగుడ్డ బిగించి కట్టండి. ఇడ్లీ పళ్లేలు వద్దు, వాటి గుంటల్లో గింజ ఉండ కడుతుంది. కింద నీళ్లు సగానికి మించకూడదు, మరిగి ఎగిరినప్పుడు కూడా గింజను తాకకూడదు. గిన్నెకూ చిల్లుల గిన్నెకూ మధ్య సందు ఉంటే మైదా నీళ్లలో ముంచిన గుడ్డ పేలిక చుట్టండి, లేకపోతే ఆవిరి పక్కల నుంచి పోయి గింజ గుండా రాదు. పైన మూత పెట్టవద్దు. మూత పెడితే నీటిచుక్కలు రాలి మళ్లీ ముద్దవుతుంది.

మీ దగ్గర మిగిలిన పావు కిలోకు లెక్క చెబుతాను. ముందుగా ఒక పెద్ద చెంచా నూనె వేసి గింజలన్నిటికీ పట్టేలా రెండు చేతులతో రుద్దండి. తరువాత పావు కప్పు చన్నీళ్లు చిలకరించి, వేళ్లతో ఎత్తి వదులుతూ కలపండి. ఒక్క ఉండ కూడా లేకుండా చిల్లుల గిన్నెలో నొక్కకుండా వదులుగా పోయండి. గింజల మధ్య నుంచి ఆవిరి పైకి రావడం కనిపించిన క్షణం నుంచి పదిహేను నిమిషాలు లెక్కపెట్టండి. అప్పుడు వెడల్పాటి పళ్లెంలో బోర్లించి, చేయి కాలకుండా ముందు గరిటెతో, తరువాత చేత్తో విడదీసి, అర టీచెంచా ఉప్పు కలిపిన అర కప్పు నీళ్లు కొద్దికొద్దిగా చల్లండి. ఐదు నిమిషాలు పీల్చుకోనిచ్చి రెండోసారి ఎక్కించండి, మళ్లీ పదిహేను నిమిషాలు. మూడోసారికి మరో అర కప్పు నీళ్లు, అవసరమైతే ఇంకొంచెం. గింజను కొరికి చూస్తే మధ్యలో తెల్లటి పిండి చుక్క కనిపించకూడదు. చివర దించాక వెన్న కలపాలి. అక్కడివారు పులియబెట్టి ఉప్పు వేసి నిలవ ఉంచిన వెన్న వాడతారు, దాన్ని స్మెన్ అంటారు. మీరు మామూలు వెన్నే వాడండి. మొత్తం గంటంబావు పని.

కొలతగ్లాసు:

ఆవిరి విషయంలో ఇక నేను వాదించను, సరుకు వేరని ఇప్పుడు తెలిసింది కాబట్టి. దుకాణపు ప్యాకెట్‌కు మాత్రం నేను చెప్పిన కొలతే సరైనది, తరువాత ఎవరైనా ఈ చర్చ చదివి దాన్ని మూడుసార్లు ఆవిరి పట్టకుండా ఉండడానికి ఈ మాట రాస్తున్నాను. ఏ రకమో తెలియని గింజ చేతికొస్తే ఒక చెంచాడు తీసి మరిగే నీళ్లు పోసి పది నిమిషాలు ఉంచి కొరికి చూడండి. మెత్తబడితే ఉడికించినది, మధ్యలో పిండిగా తగిలితే పచ్చిది. అతిథులు వచ్చే రోజున కాకుండా ముందురోజే ఈ పరీక్ష చేయడం మంచిది.

బేగంబజార్:

ఆవిరి పడుతున్నంతసేపూ మీకు పండ్ల పని చూసుకోవడానికి కావలసినంత సమయం ఉంటుంది. తేనెలో వేసేసిన పండ్లను ఏరి, వేడినీళ్లతో కడిగి, మునిగేంత వేడినీళ్లలో ఇరవై నిమిషాలు ఉంచండి. ఆప్రికాట్లను నాలుగు ముక్కలు చేస్తే త్వరగా నానుతాయి. ఖర్జూరాలు కూడా వేద్దామనుకుంటే వాటిని నానబెట్టవద్దు, చివరి నిమిషంలో వేయండి, లేకపోతే కరిగి గుజ్జవుతాయి.

మీరు తిన్నదాన్ని అక్కడివారు త్ఫాయా అంటారు. దానికి కావలసినది ఉల్లిపాయ, అదీ మీరు ఊహించిన దానికంటే చాలా ఎక్కువ. నలుగురైదుగురికి అర కిలో పైనే పడుతుంది. సన్నగా నిలువుగా తరిగి, వెన్నా ఆలివ్ నూనే వేసి, ఉప్పు, శొంఠి పొడి, మిరియాల పొడి, పసుపు, దాల్చినచెక్క, ఉంటే నాలుగు కుంకుమపువ్వు రేకులు వేసి, కాసిని నీళ్లు పోసి మూత పెట్టి సన్నని సెగ మీద అరగంటకు పైగా మగ్గనివ్వాలి. వేయించకూడదు, మగ్గాలి. ఉల్లిపాయలు పూర్తిగా మెత్తబడ్డాక నానిన పండ్లు వేసి, అవి నానిన నీళ్లలో కొంచెం పోసి, రెండు పెద్ద చెంచాల తేనె అప్పుడు వేసి, మూత తీసి, నీరు ఇగిరి నిగనిగలాడేదాకా ఉంచండి. తీపీ ఉప్పూ విడివిడిగా తెలుస్తున్నాయంటే రెండు కారణాలు: ఉప్పు చివర వేయడం, ఉల్లిపాయ సరిపడా మగ్గకపోవడం. ఉల్లిపాయలో ఉన్న తీపి బయటికి వస్తే తేనె సగానికి తగ్గించవచ్చు, సిరిధాన్యం గారికీ మనసు కుదుటపడుతుంది. పైన నేతిలో వేయించిన బాదం పప్పులు చల్లండి.

సిరిధాన్యం:

నా మనసు కుదుటపడలేదు కానీ, ఉల్లిపాయ ఎక్కువ, తేనె తక్కువ అన్నది మంచి మాట.

ఆవిరికుడుము:

త్ఫాయాను గింజలో కలపకూడదు. గింజను గోపురంలా పోసి, నడిమధ్య గుంట చేసి అందులో కోడిముక్కలు పెట్టి, పైన దీన్ని పరవాలి. కిస్‌మిస్‌ను గింజలోనే కలిపి ఆవిరి పట్టి, పంచదారా దాల్చినచెక్క పొడీ చల్లేది సెఫ్ఫా, అది వేరే వంటకం. రెంటినీ కలగాపులగం చేయవద్దు.

కొలతగ్లాసు:

పక్కన వడ్డించే వంటకమని మొదటే చెప్పారు. కలిపినంత మాత్రాన తిన్నవారు లేచి వెళ్లిపోరు.

ఆవిరికుడుము:

వచ్చేది మొరాకో ఆవిడ అని మరిచిపోయారు.

సూటిమాట:

కలపవద్దు. విడిగా గిన్నెలో పెట్టండి, ఎవరికి కావలసినంత వారు వేసుకుంటారు.

లియోన్_వంటగది:

మూడో ఆవిరి మీద ఉంది, గింజ విడివిడిగానే వస్తోంది. పాత ముద్దలో సగం బాగుపడింది, మిగిలిన సగం పారేశాను. ఆప్రికాట్ మెత్తబడింది. బాదం పప్పులు లేవు, జీడిపప్పు వేశాను. కాలింగ్ బెల్ మోగుతోంది, అందరికీ ధన్యవాదాలు.

ఆవిరికుడుము:

జీడిపప్పా?

సిరిధాన్యం:

పనిలో పనిగా అడుగుతున్నాను. సజ్జ పిండిని చుట్టి చూద్దామని ఇందాక మొదలుపెట్టాను. పావు కిలో పిండికి ఎన్ని నీళ్లు చిలకరించాలో, బావోబాబ్ ఆకుల పొడి ఇక్కడ దొరకదు కనుక జిగురు కోసం ఎండు మునగాకు పొడి పనికొస్తుందో లేదో తెలిసినవారు ఎవరైనా ఉంటే చెప్పండి. మధ్యరకం జల్లెడ సరిపోతుందా?